నా ఫాగ్ లైట్లు, ఎదుటివాడి కళ్ళు

కారుకి ఫాగ్ లైట్లు మార్చడం ఒక పూట పని. మార్చినవాటిని మళ్ళీ ఊడబీకడానికి మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది. పని రాక కాదు, బుద్ధి రావడానికి పట్టిన టైము అది :)

2007 సంగతి. అప్పట్లో మేం కాలిఫోర్నియాలో, శాక్రమెంటో పక్కన ఉండేవాళ్ళం. అక్కడ శీతాకాలంలో వచ్చే పొగమంచుకి ప్రత్యేకంగా ఒక పేరుంది, 'టూలీ ఫాగ్' అని. టూలీ అంటే ఆ లోయలో చిత్తడి నేలల్లో పెరిగే మన తుంగలాంటి గడ్డి. నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా, వాన పడి వెలిసిన మర్నాడు తెల్లవారుజామున నేలని అంటుకుని లేస్తుంది. బానెట్ చివర కనపడితే ఆ రోజు అదృష్టం బావున్నట్టు. ఆ ఏడాది నవంబరు 3న ఫ్రెజ్నో దగ్గర హైవే 99 మీద ఇలాంటి మంచులోనే వందకి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇద్దరు పోయారు. టీవీలో ఆ నుజ్జైన కార్ల వరస చూశాక మా ఆవిడ ఒక్కటే మాట అంది: "నువ్వు రోజూ వెళ్ళేది ఆ రోడ్డు మీదే కదా".

సాఫ్ట్‌వేర్ వాడికి సమస్య చెప్తే ఏం చేస్తాడు? అప్‌గ్రేడ్ చేస్తాడు. నేనూ అదే చేశాను. థాంక్స్ గివింగ్ అమ్మకాల్లో ఒక జెనాన్ కిట్ కొన్నాను. రెండు బల్బులు, రెండు బలాస్టులు, ఒక వైరింగ్ కట్ట, ఎక్కడిదో తెలీని భాషలో తర్జుమా చేసినట్టున్న ఒక కాగితం. డబ్బా మీద '8000 కెల్విన్' అని పెద్దక్షరాలు. ఎంత ఎక్కువ కెల్విన్ అయితే అంత గొప్ప వెలుగు అనుకున్నా. ప్రాసెసర్‌కి గిగాహెర్ట్జ్ లాగా అన్నమాట! ఆ తప్పు సంగతి తర్వాత చెప్తాను.

శనివారం పొద్దున్నే ఆఫీసు మిత్రుడొకడు వచ్చాడు. బ్యాటరీ నెగటివ్ తీశాం. ముందు భాగం జాకీతో లేపి, స్టాండులు పెట్టి, కిందకి దూరాం. బంపర్ అడుగున ప్లాస్టిక్ కవర్‌కి పది పన్నెండు క్లిప్పులుంటాయి, వాటిల్లో మూడు విరిగాయి (ఇది ఆనవాయితీ). పాత హెచ్11 హాలోజెన్ బల్బు పావు వంతు తిప్పితే ఊడొచ్చింది. కొత్త దాని గాజుని వేలితో ముట్టుకోకూడదు, చేతికుండే జిడ్డు అంటుకుంటే వేడికి అక్కడ గాజు దెబ్బతింటుంది. బలాస్టులని నీళ్ళు తగలని చోట చూసి బిగించాం. ఇక రిలే. 30 నంబరు పిన్నుకి ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్, 87 నుంచి బలాస్టులకి, 85కీ 86కీ మధ్య పాత ఫాగ్ లైటు వైర్లు. రిలే ఎందుకంటే, జెనాన్ బల్బు వెలిగే మొదటి కొద్ది సెకన్లలో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. కంపెనీ ఇచ్చిన సన్న వైర్లు దానికి పనికిరావు.

స్విచ్ వేస్తే ముందు 'టిక్' మని మెరిసి, ఆ తర్వాత నెమ్మదిగా నీలంగా, కొంచెం ఊదాగా వెలిగాయి. రెండూ ఒకే రంగు కూడా కాదు. ఎడమది ఊదా, కుడిది నీలం. ఏ.ఎం. రేడియో పెడితే గుయ్ మని రొద. అయినా సరే, గరాజ్ గోడంతా పట్టపగల్లా ఉంది. ఇద్దరం ఒకరి చేతులొకరు కొట్టుకుని టీ తాగాం. గోడ మీద ఆ వెలుగు ఎంత ఎత్తు దాకా పోతోందో ఇద్దరం చూశాం. ఎందుకు పోతోందని ఒక్కడూ అనుకోలేదు.

అదెందుకు అనుకోవాలో అర్థం కావాలంటే కారు దీపం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. నేను ఇదంతా చదివింది లైట్లు పీకేశాకే. ముందే చదివి ఉంటే డెబ్భై డాలర్లు మిగిలేవి.

మొదటి కార్లకి దీపాలంటే గుర్రబ్బండి దీపాలే, నూనెవి, కిరసనాయిలువి. ముందు దారి చూపించడానికి కాదు, బండి ఉందని పదిమందికీ తెలియడానికి. వేగం పెరిగాక అవి చాల్లేదు. అప్పుడొచ్చింది కార్బైడ్ దీపం. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడతారే, ఆ కాల్షియం కార్బైడే. దాని మీద నీటిచుక్కలు పడితే ఎసిటిలీన్ గ్యాసు పుడుతుంది, అంటిస్తే తెల్లటి మంట. మన తిరనాళ్ళలో మిఠాయి కొట్ల ముందు ఘాటు వాసనతో వెలిగినవి ఈ దీపాలే. 1892లో థామస్ విల్సన్ అనే కెనడా ఆయన అల్యూమినియం చేయబోతే కార్బైడ్ తయారైంది. అలా చవగ్గా దొరకడం మొదలైంది. గాలికీ వానకీ పెద్దగా లొంగదు కాబట్టి కార్ల వాళ్ళు దాన్ని పట్టుకున్నారు.

1904లో అమెరికాలో ఇండియానాపొలిస్‌లో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ అనే ఇద్దరు ఈ గ్యాసుని సిలిండర్లలో నింపి అమ్మడం మొదలుపెట్టారు. మన వంటగ్యాసు బండల్లాగే, ఖాళీ అయితే ఇచ్చి నిండుది తెచ్చుకోవడం. కంపెనీ పేరు ప్రెస్టోలైట్. వాళ్ళ ఫ్యాక్టరీల్లో పేలుళ్ళు కూడా జరిగాయి, అయినా డబ్బు విపరీతంగా వచ్చింది. ఆ ఫిషరే మరికొందరితో కలిసి 1909లో ఇండియానాపొలిస్ రేసు ట్రాక్ కట్టించాడు. 1917లో ప్రెస్టోలైట్ ఇంకో మూడు కంపెనీలతో కలిసిపోయింది. ఆ కలయికలో పుట్టిన సంస్థ పేరు యూనియన్ కార్బైడ్. అవును, 1984 భోపాల్ యూనియన్ కార్బైడే. మన ఇళ్ళల్లో టార్చిలైటుకి వేసిన ఎవరెడీ బ్యాటరీ కూడా ఆ ఇంటిదే. కారు దీపం కథ తవ్వుతుంటే ఎక్కడ తేలామో చూడండి.

కరెంటు దీపాలు అప్పటికే ఉన్నాయి, 1898లోనే కొలంబియా అనే ఎలక్ట్రిక్ కారుకి పెట్టారు. కానీ ఫిలమెంట్లు కుదుపులకి తెగిపోయేవి, కారులో కరెంటు పుట్టించే ఏర్పాటు సరిగ్గా ఉండేది కాదు. 1912లో కాడిలాక్ కారుకి చార్లెస్ కెట్టరింగ్ డైనమో, బ్యాటరీ, సెల్ఫ్ స్టార్టర్, దీపాలు అన్నీ ఒకే వ్యవస్థగా కలిపి ఇచ్చాడు. దాంతో గ్యాసు దీపాలకి రోజులు దగ్గరపడ్డాయి.

దీపాలు బలపడగానే వచ్చిన మొదటి ఫిర్యాదు ఏంటో ఊహించండి. 'ఎదుటివాడి లైటు నా కళ్ళలో పడుతోంది'. వందేళ్ళుగా ఈ రంగంలో జరిగిన పరిశోధనంతా నిజానికి ఈ ఒక్క ఫిర్యాదు చుట్టూనే తిరిగింది. ఎక్కువ వెలుగు పుట్టించడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. ఆ వెలుగుని ఎక్కడ ఆపాలన్నదే కష్టం.

మొదట్లో లీవరుతోనో తాడుతోనో దీపాన్నే, లేకపోతే లోపలి రిఫ్లెక్టర్‌ని, కిందికి వంచేవాళ్ళు. 'డిప్' అనే మాట అక్కణ్ణించి వచ్చిందే. ఇంగ్లండులో కొన్ని కార్లకి ఇంకో పద్ధతి, ఎదురుగా బండి వస్తే ఒక దీపం కిందికి వంగేది, రెండోది ఆరిపోయేది. 1920ల మధ్యలో జర్మనీ ఓస్రామ్ కంపెనీ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టింది. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. దగ్గరి ఫిలమెంట్ కింద చిన్న లోహపు గరిటెలాంటి కప్పు. దాని పనల్లా ఫిలమెంట్ నుంచి కిందికి పోయే కాంతిని అడ్డుకోవడం. ఆ కాంతి రిఫ్లెక్టర్ కింది సగం మీద పడితే పైకి తిరిగి ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది మరి. ఈ 'గరిటె' సంగతి గుర్తుపెట్టుకోండి.

మన లారీల వెనక 'హారన్ ప్లీజ్' పక్కన 'రాత్రిపూట డిప్పర్ వాడండి' అని రాసుంటుంది కదా, ఆ డిప్పర్ ఇదే. మీటర్లలో, వాట్లలో చెప్పిన నిబంధన కాదది, మర్యాద.

ఇక్కడ అమెరికా, యూరప్ దారులు విడిపోయాయి. 1940 మోడళ్ళ నుంచి అమెరికాలో ఒకే రకం దీపం: ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్. ఫిలమెంట్, రిఫ్లెక్టర్, అద్దం అన్నీ కలిపి మూసేసిన ఒకే గాజు ముద్ద. తుప్పు పట్టదు, దుమ్ము దూరదు, ఏ ఊళ్ళో అయినా అదే దొరుకుతుంది. చాలా మంచి స్టాండర్డ్. ఎంత మంచిదంటే, దాన్ని దాటి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది :) మధ్యలో సైజులు, ఆకారాలు కొన్ని మార్చారు గానీ, బల్బు విడిగా మార్చుకునే దీపానికి అనుమతి 1983లో గానీ రాలేదు. 1984 లింకన్ మార్క్ 7 అలాంటి దీపాలతో వచ్చిన మొదటి అమెరికన్ కారు. లెగసీ కోడ్ మీద పనిచేసినవాళ్ళకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకు అనే సూత్రం సౌకర్యంగానూ ఉంటుంది, సంకెలగానూ ఉంటుంది.

యూరప్ వాళ్ళు బల్బు వేరు, దీపం వేరు అనే పద్ధతిలోనే ఉండి, కాంతి అంచుని చెక్కడం మీద పడ్డారు. గోడ మీద వేసి చూస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో గీత గీసినట్టు ఉండాలి. 1950ల చివర్లో ఆ గీతని ఎదురు బండి వైపు కిందకీ, రోడ్డు అంచు వైపు కొంచెం పైకీ వంచారు. ఫ్రాన్సు వాళ్ళయితే ఇంకో అడుగు వేసి హెడ్ లైట్లన్నీ పసుప్పచ్చగా ఉండాలన్నారు. 1930ల చివర్నుంచి 1993 దాకా అక్కడ అదే రూలు.

1959లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళకి హాలోజెన్ దీపం మీద పేటెంట్ వచ్చింది. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గాజుకి పట్టి నల్లబడుతుంది. లోపల కాస్త అయోడిన్ లాంటిది పెడితే ఆ ఆవిరిని పట్టుకుని మళ్ళీ ఫిలమెంట్ దగ్గర వదిలేస్తుంది. సొంత గార్బేజ్ కలెక్టర్ ఉన్న బల్బు అన్నమాట! 1962లో యూరప్‌లో హెచ్1, 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 వచ్చాయి. ఈ హెచ్4 మన దేశంలో బైకుల నుంచి లారీల దాకా ఇంటింటి బల్బు అయిపోయింది. దాన్లో కూడా ఆ గరిటె ఉంది.

ఇప్పుడు మన కథానాయకుడు. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మారిస్ ట్రావర్స్ ద్రవరూపంలో ఉన్న గాలిని విడగొడుతుంటే అడుగున మిగిలిన వాయువు జెనాన్. దేంతోనూ తేలిగ్గా కలవదు, గాలిలో ఉన్నదే అతి స్వల్పం. అందుకని గ్రీకులో 'పరాయి', 'కొత్తవాడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కారు దీపంలోకి రావడానికి ఆ పరాయివాడికి తొంభై ఏళ్ళు పైగా పట్టింది. 1991లో బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్‌కి మొదటిసారి జెనాన్ హెడ్ లైట్లు వచ్చాయి.

ఇందులో ఫిలమెంట్ ఉండదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీలో 20,000 వోల్టులకి పైగా దెబ్బ కొడితే, మన వెల్డింగ్ షాపులో మెరిసినట్టు ఒక చాపం పుడుతుంది. జెనాన్ చేసేది ఆ మొదటి మెరుపు మాత్రమే. తర్వాత లోపలున్న లోహపు లవణాలు ఆవిరై అసలు వెలుగు ఇస్తాయి. 35 వాట్లకే 3200 ల్యూమెన్ల దాకా. నా పాత హెచ్11 బల్బు 55 వాట్లు తిని ఇచ్చేది 1350. లెక్క చూస్తే ఎవడికైనా నోరూరుతుంది.

అయితే ఆ జర్మన్ కారులో జెనాన్ ఒక్కటే రాలేదు. దానికోసమే లెక్కగట్టి చేసిన దీపం వచ్చింది. యూరప్ నిబంధనల్లో హెడ్ లైటు బల్బు 2000 ల్యూమెన్లు దాటితే రెండు ఉండి తీరాలి. వెనక సీట్లో మనుషులెక్కినా, డిక్కీలో బియ్యం బస్తాలేసినా బండి ముందుభాగం లేచి వెలుగు పైకి పోకుండా దానంతటదే సర్దుకునే ఏర్పాటు ఒకటి. అద్దం మీది మురికి కాంతిని చెదరగొట్టకుండా కడిగే పిచికారీ ఇంకోటి. అంటే బలమిచ్చినప్పుడే కళ్ళెం కూడా ఇచ్చారు.

నేను కొన్న కిట్‌లో బలం ఉంది, కళ్ళెం లేదు.

ఆ కిట్లు పుట్టడం వెనక ఒక తమాషా ఉంది. అసలు జెనాన్ దీపం రంగు 4200 కెల్విన్ దగ్గర్లో ఉండే శుభ్రమైన తెలుపు. కానీ వెలుగు అంచు దగ్గర లెన్సు రంగుల్ని విడగొడుతుంది కాబట్టి, కారు గతుకులో ఎగిరినప్పుడు చూసేవాడికి ఒక నీలి మెరుపు కనిపిస్తుంది. 1990ల్లో ఆ మెరుపు ఖరీదైన కారుకి గుర్తయిపోయింది. దాంతో మామూలు హాలోజెన్ బల్బులకి నీలం పూత పూసి అమ్మారు. పూత అంటే వడకట్టడమే, వెలుగు తగ్గుతుంది. తర్వాత చవక బలాస్టులు రావడంతో కిట్లు, వాటి మీద 6000, 8000, 12000 కెల్విన్లు. కెల్విన్ అనేది రంగుకి కొలత, వెలుగుకి కాదు. 4300 దాటి పైకి పోయినకొద్దీ నీలం పెరిగి పనికొచ్చే వెలుగు తగ్గుతుంది. నేను డబ్బులిచ్చి మరీ వెలుగు తగ్గించుకున్నానన్నమాట. అమెరికాలో 2001లో రవాణా భద్రతా సంస్థ కళ్ళు జిగేల్మనిపించే దీపాల గురించి జనాభిప్రాయం అడిగితే వేల సంఖ్యలో ఫిర్యాదులొచ్చాయి. ఇలాంటి మార్పిడి కిట్లు నిబంధనలకి సరిపోవని ఆ సంస్థ చెప్తూనే ఉంది. నాలాంటివాళ్ళు కొంటూనే ఉన్నాం.

సరే, నాలుగు నెలల సంగతికొస్తాను.

2008 ఫిబ్రవరిలో నాన్న ఇండియా నుంచి వచ్చారు. ఆయన ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్ళు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కువగా రాత్రి సర్వీసులే. అప్పటికే ఒక కంట్లో శుక్లం ముదురుతోంది, ఆపరేషన్ తిరిగి వెళ్ళాక చేయించుకుందామని వాయిదా వేస్తున్నారు. నేను ఉత్సాహంగా లైట్లు వేసి చూపిస్తే ఒకసారి చూసి "బానే ఉన్నాయిరా, పెళ్ళి ఊరేగింపులా" అని ఊరుకున్నారు. అది మెచ్చుకోలు అనుకున్నాను :(

మార్చిలో ఒక రాత్రి ఎల్క్ గ్రోవ్ అవతల పల్లెల్లో ఒక మిత్రుడింట్లో భోజనాలు. మధ్యలో డివైడరు లేని రెండు వరసల రోడ్డు, పక్కన కాలువ. మా ఆవిడ మా కారులో ఒక పెద్దావిణ్ణి వాళ్ళింట్లో దింపి మాకోసం తిరిగొస్తానంది. ఈలోగా ఇంకో మిత్రుడు "నేనే దింపేస్తాను పదండి" అంటే నాన్న ముందు సీట్లో, నేను వెనక ఎక్కాం. ఆవిడకి ఫోన్ చెయ్యడం మర్చిపోయాం. సన్నగా మంచు మొదలైంది.

ఎదురుగా ఒక కారు వస్తోంది. హెడ్ లైట్లు కనపడటంలేదు, వాటి కింద రెండు తెల్లటి గుండ్లు మండుతున్నాయి. మంచు మొత్తం ఒక తెల్లటి దుప్పటైపోయింది. మా మిత్రుడు బ్రేక్ నొక్కి, చెయ్యి అడ్డం పెట్టుకుని, తెలియకుండానే కుడివైపుకి, కాలువ వైపుకి జరిగిపోయాడు. కారు చక్రం కంకర మీదకెక్కి కరకరమంది. నాన్న రెండు చేతులూ డాష్‌బోర్డుకి ఆనించి కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"ఎవడ్రా వాడు, మనుషుల్ని చంపేట్టున్నాడు! డిప్ కొట్టడం కూడా తెలీదా?"

కారు దాటిపోయింది. ఎడమది ఊదా, కుడిది నీలం.

"మన కారే నాన్నా" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇల్లు దగ్గర పడ్డాక మాత్రం అన్నారు. "కోడలు డిప్ లోనే ఉందిరా. అమ్మాయి తప్పు కాదు. ఆ కింద దీపాలకి డిప్ ఉండదు కదా." ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో యాక్సిడెంట్ లేని మనిషి, ఒక్క చూపులో డయాగ్నోస్ చేసేశారు. తర్వాత ఇంకో మాట కూడా చెప్పారు. భోగి రోజుల్లో కృష్ణ ఒడ్డున మంచు కమ్మితే హెడ్ లైట్లకి పసుపు కాగితం చుట్టి, కండక్టర్ని తలుపు దగ్గర నిలబెట్టి రోడ్డు అంచు చూడమని, ఎడ్లబండి వేగంతో నడిపేవాళ్ళట. "మంచులో లైటు పెంచితే మంచే కనపడుతుందిరా. రోడ్డు కనపడాలంటే స్పీడు తగ్గాలి."

మర్నాడు పొద్దున గరాజ్ తలుపుకి ఎదురుగా పాతిక అడుగుల దూరంలో కారు పెట్టి, ఈసారి కొలతలు తీశాను. ఫాగ్ లైటు కాంతి పైఅంచు దీపం మధ్యబిందువు కంటే నాలుగంగుళాలైనా కిందికి ఉండాలి. నావి అసలు అంచే లేకుండా తలుపు పైదాకా చెదిరిపోయాయి. ఒక పక్క పాత హాలోజెన్ బల్బు పెట్టి చూస్తే గీత స్పష్టంగా కనపడింది.

కారణం ఇది. రిఫ్లెక్టర్ అనేది ఒక ఫంక్షన్ లాంటిది. ఫలానా చోట, ఫలానా పొడవున్న ఫిలమెంట్ ఉంటుందని నమ్మి దాని ప్రతి వంపునీ లెక్కగట్టారు. ఫిలమెంట్ ఒక సన్నటి తీగచుట్ట, అంచులు నిక్కచ్చి. జెనాన్ చాపం అలా కాదు. మధ్యలో కొంచెం పైకి వంగి, రెండు చివర్లా ఎక్కువ మండుతూ, చుట్టూ మెరిసే ఆవిరితో ఉంటుంది. మిల్లీమీటరు తేడా చాలు, రిఫ్లెక్టర్ దాన్ని రోడ్డు మీద అడుగులకి అడుగులు చేస్తుంది. ఇంటర్‌ఫేస్ ఒకటే, అదే హోల్డరు, అదే పావు వంతు తిప్పుడు. లోపలి కాంట్రాక్ట్ మాత్రం వేరు. కంపైల్ అయిందని కోడ్ కరెక్టని ఎవరైనా అంటే నవ్వే నేను, బల్బు హోల్డరులో పట్టిందని సంబరపడ్డాను. హెచ్4 కిట్లలో ఇంకో దారుణం, చాలా వాటిల్లో ఆ గరిటె ఉండదు, ఉన్నా సరైన చోట ఉండదు.

ఇంకో అపోహ కూడా వదిలింది. పసుపు రంగు మంచుని చీల్చుకుపోతుంది, ఆకాశం నీలంగా కనపడేది ఎందుకో ఇదీ అందుకే అని ఇంజనీరింగులో ఎవరో చెప్పగా నమ్మాను. ఆకాశం నీలానికి కారణం కాంతి తరంగం కంటే చాలా చిన్నవైన గాలి అణువులు. మంచు బిందువులు అలా కాదు, తరంగానికి పది ఇరవై రెట్లు పెద్దవి. అన్ని రంగుల్నీ దాదాపు సమానంగానే చెదరగొడతాయి, అందుకే మంచు తెల్లగా ఉంటుంది. పసుపు వల్ల లాభం ఉందంటే కంటికే, నీలం తగ్గితే జిగేల్‌మనడం కొంత తగ్గుతుంది. ఫాగ్ లైటు కిటుకు రంగులో లేదు. నేలకి దగ్గరగా ఉండి, వెడల్పుగా, పైకి ఒక్క కిరణం కూడా పోకుండా వెయ్యడంలో ఉంది. కాంతి మంచులో తక్కువ దూరం ప్రయాణించి రోడ్డు అంచుని చూపిస్తుంది, అంతే. నా లైట్లు సరిగ్గా దానికి వ్యతిరేకం చేశాయి.

స్పీడు లెక్క కూడా వేశాను. గంటకి 65 మైళ్ళంటే సెకనుకి 29 మీటర్లు. మంచులో 60 మీటర్లు కనపడితే చేతిలో ఉన్నది రెండు సెకన్లు. ఏ బల్బూ దాన్ని మూడు చెయ్యలేదు, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆరు కూడా చెయ్యొచ్చు. నాన్న చెప్పింది అదే, లెక్క లేకుండా.

ఆ సాయంత్రమే అన్నీ పీకి పాత బల్బులు పెట్టేశాను. ఇంకో రెండు క్లిప్పులు విరిగాయి.

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడు జెనాన్ ఎవడిక్కావాలి అంటారేమో. నిజమే, 2007లో లెక్సస్‌తోనూ ఆ తర్వాత ఆడి ఆర్8తోనూ ఎల్.ఇ.డి. హెడ్ లైట్లు వచ్చేశాయి. 2013లో ఆడి ఎ8కి వచ్చిన దీపాలు ఎదురు బండి ఉన్న చోటు మాత్రమే చీకటి చేసి మిగతా రోడ్డుకి వెలుగు ఇస్తాయి. అంటే డిప్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కొడుతోంది! ఇలాంటివాటిని అమెరికా 2022లో గానీ అనుమతించలేదు. సీల్డ్ బీమ్ నాటి అలవాటు ఎక్కడికి పోతుంది.

కానీ కిట్ల బజారు మారలేదు, సరుకే మారింది. పాత హాలోజెన్ దీపంలో ఎల్.ఇ.డి. బల్బు దూర్చడం అప్పటి నా పనికి తమ్ముడే. హైదరాబాదు నుంచి విజయవాడ రాత్రిపూట వెళ్ళి చూడండి. కార్లకి, బైకులకి, ఆటోలకి కూడా తెల్లటి గుండ్లు. ఒకప్పుడు మన దగ్గర హెడ్ లైటు పైభాగానికి నల్ల రంగు పూసేవాళ్ళు గుర్తుందా? పోలీసులే ఆపి స్టిక్కర్లు అంటించేవాళ్ళు. దాని వెనక శాస్త్రం ఎంత ఉందో పక్కన పెట్టండి, ఎదుటివాడికి కళ్ళుంటాయన్న గుర్తింపు ఉంది. చట్టం ఇప్పటికీ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అయినా ప్రతి బండినీ రాత్రిపూట ఆపి కొలిచే పోలీసు ఎక్కడుంటాడు? రోడ్డు మీద మన దీపం ఎలా ఉందో చూడలేని మనిషి ఒక్కడే, స్టీరింగ్ వెనక కూర్చున్న మనమే.

కాబట్టి, ఇంట్లో మీరే లైట్లు మార్చుకోవాలనిపిస్తే మానొద్దు, బోలెడు సరదా పని. బల్బు ఒక్కటీ మార్చకుండా మొత్తం దీపమే, ఆ బల్బుకోసం తయారై ఆమోదముద్ర ఉన్నదే పెట్టుకోండి. రిలే, ఫ్యూజు మర్చిపోవద్దు. గోడ మీద పాతిక అడుగుల నుంచి చూసి అంచు సరిచెయ్యండి. మంచు లేనప్పుడు ఫాగ్ లైటు ఆపెయ్యండి. అన్నీ అయ్యాక ఇంకొకరికి తాళాలిచ్చి, మీరు వెళ్ళి రోడ్డుకి అవతల నిలబడండి. నేను ఆ చివరి పని ముందే చేసి ఉంటే ఆ రాత్రి మా మిత్రుడి కారు కంకర మీదకి ఎక్కేది కాదు.

నాన్నకి ఆ ఏడాది మేలో విజయవాడలో శుక్లం ఆపరేషన్ అయింది. పట్టీ విప్పిన సాయంత్రం ఫోన్ చేసి, అందరి క్షేమం అడిగాక, చివర్లో అడిగారు: "ఇంతకీ ఆ ఊరేగింపు దీపాలు తీసేశావా లేదా?"